బఠాణీ పచ్చ తొట్టి

ఆ పచ్చ రంగంటే నాకు మొదటి రోజు నుంచీ అసహ్యం. తొట్టి పచ్చ, బేసిన్ పచ్చ, కమోడ్ పచ్చ. పోనీ అందమైన పచ్చా అంటే అదీ కాదు. వేయించిన చేపలమ్మే కొట్టువాడు చిప్స్ పక్కన పోసిచ్చే నలిపిన బఠాణీల పచ్చ. యాభై ఏళ్లుగా ఆ తొట్టిలో కూర్చుని ఒళ్లు రుద్దుకుంటున్నాను గానీ ఆ మాట ఏనాడూ నోరు విప్పి అనలేదు. అనకపోవడానికి కారణం మా ఆయన వెర్నన్.

పెళ్లయిన కొత్తలో మాకు స్నానాల గదే లేదు. ఉత్తర ఇంగ్లండులోని ఈ హాలిఫాక్స్‌లో మా వీధి మొత్తానికీ లేదు. మరుగుదొడ్డి పెరట్లో, స్నానం వంటింట్లో రేకు తొట్టిలో. వెర్నన్ తివాచీల మిల్లులో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా వంటింటి వెనకున్న బొగ్గుల కొట్టును పగలగొట్టి తన చేతులతో గది కట్టాడు. సామాను కొనడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. తెల్ల సామాను ధర చూసి ఆయన ముఖం వాడిపోయింది. ఓ మూల, అంచున గీత పడిందని ఎవరూ కొనని పచ్చ సెట్టు ఉంది, చవగ్గా ఇచ్చేస్తామన్నారు. ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. నేనే ముందుకెళ్లి, "నాకిదే కావాలి, ఈ పచ్చే కావాలి" అని పట్టుబట్టాను. అప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచీ నాకు పచ్చంటే ప్రాణమని ఆయన నమ్మకం. పుట్టినరోజుకు పచ్చ స్వెట్టరు, క్రిస్మస్‌కు పచ్చ టీ కూజా, పెళ్లిరోజుకు పచ్చ గొడుగు. ఒక్క అబద్ధమాడినందుకు జన్మంతా పచ్చే.

నేల మీద తివాచీ వేశాడు. స్నానాల గదిలో తివాచీ ఏమిటని ఇప్పటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజుల్లో మా ఊళ్లో అదే గొప్ప. మిల్లులో మిగిలిన ముక్కలు పనివాళ్లకే దక్కేవి, వాటితో మేం గోడలు తప్ప ఇల్లంతా కప్పేశాం. చలికాలం పొద్దున్నే తొట్టిలోంచి కాలు బయటపెడితే వెచ్చగా తగలాలి, అదీ వెర్నన్ ఆలోచన. ఆ వెచ్చదనం కింద చెక్క కుళ్లిపోతోందని మాకేం తెలుసు?

ఊరి కౌన్సిల్ నుంచి వచ్చిన షబ్నమ్‌కు మాత్రం అడుగు పెట్టగానే తెలిసిపోయింది.

వెర్నన్‌కు మతిమరుపు జబ్బు మొదలై చాన్నాళ్లయింది. ఇద్దరం ఎలాగో నెట్టుకొస్తుంటే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఈ వసంతంలో పెరట్లో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనైంది, నడకచట్రం పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. ఆయన ఇంటికి రావచ్చా, లేక కొండ అవతలి ముసలివాళ్ల ఆశ్రమానికి పోవాలా అన్నది తేల్చే పని ఈ అమ్మాయిది. మంచి పిల్లే. గుమ్మంలో బూట్లు విప్పింది, ఇచ్చిన టీ తాగింది. తర్వాత కమోడ్ పక్కన కాలుపెడితే నేల చిన్నగా మూలిగి కిందికి దిగింది.

"బెరిల్ గారూ, ఇది చూశారా? మెత్తగా ఉంది. ఆయన ఇక్కడ నిలబడితే మళ్లీ ఆసుపత్రే."

"ఇన్నేళ్లుగా నిలబడుతూనే ఉన్నాడుగా."

"అప్పుడు తుంటి బాగుంది కదండీ. ఈ తివాచీ తీసేయాలి. కింద గట్టి నేల ఉండాలి. గోడ మీద ఆ బూజు పోవాలి. తొట్టి అంచు చుట్టూ నీళ్లు కారుతున్నాయి, అసలు రోగం అక్కడే ఉంది. పట్టుకునే కడ్డీలు మేం బిగిస్తాం. మిగతాది..."

"మిగతాది మీరు చెయ్యరు."

"మా చేతిలో లేదండీ," అంది పాపం, తలొంచుకుని. "మంగళవారం పొద్దున ఆయన్ని తీసుకొస్తాను, ఓ గంట. తనంతట తాను ఆ గదిలోకి వెళ్లి, పని చూసుకుని బయటికి రాగలిగితే ఇంటికి పంపించేస్తాం. లేదంటే ఆశ్రమంలో ఒక్క గది ఖాళీగా ఉంది. దాన్ని మంగళవారం దాకానే ఆపుతారు."

ఆ మాట చెప్పింది గురువారం. మధ్యలో శని, ఆదివారాలు, సోమవారం దేశమంతా సెలవు. ప్లంబర్లకు ఫోన్లు చేశాను. ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఆకులు రాలే కాలానికి చూద్దామన్నాడు. మూడోవాడు అసలు ఎత్తలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళితే వెర్నన్ పైజమా మీద కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని కుర్చీలో సిద్ధంగా కూర్చున్నాడు. రోజూ అంతే.

"వచ్చావా పిల్లా? పద, ఇంటికెళదాం."

"ఇవాళ కాదు వెర్నన్. మంగళవారం."

"వీళ్లు నన్ను ఎక్కడికో పంపుతారట. విన్నాన్లే. నువ్వే రావాలి నన్ను తీసుకెళ్లడానికి. వేరేవాళ్లనెవర్నీ పంపకు, నేను పోను."

"నేనే వస్తాను."

"మాటే?"

"మాటే."

నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంతలోనే ఆ చేతిని వదిలేసి, నన్ను పైనుంచి కిందికి చూసి, "సిస్టర్, మా ఆవిడ వచ్చిందేమో కాస్త చూస్తారా?" అన్నాడు. బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. ఎదుటి సీటావిడ నాకు పుదీనా బిళ్ల ఇచ్చింది.

కడ్డీల మనిషి మర్నాడే వచ్చి గోడలకు రెండు కడ్డీలు బిగించిపోయాడు. నేను తివాచీ మూల పట్టుకుని లాగాను. రాలేదు. పక్కింటి గ్లెనిస్‌ను పిలిచాను. గ్లెనిస్ మోకాళ్లు నా మోకాళ్లకన్నా అధ్వానం, నోరు మాత్రం పదును. ఇద్దరం చెరో మూలా పట్టి లాగితే చర్రున చిరిగి ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

"ఏమే బెరిల్, మనిద్దరం కలిసి నూటయాభై ఏళ్లుంటాం. నీకిదేం పొయ్యేకాలమే? డబ్బిచ్చి ఎవడిచేతైనా చేయించుకోరాదూ?"

"నా పెన్షన్ నీకు తెలియదా? ఉన్నదాంట్లోనే చెయ్యాలి. పైగా డబ్బుంటే మాత్రం మనిషేడీ?"

"మగాళ్లు! అక్కర్లేనప్పుడు గుమ్మం నిండా ఉంటారు."

తివాచీ కింద కంపు. కమోడ్ పక్క చెక్కలో వేలు పెడితే తడిసిన కేకులోకి దిగినట్టు దిగింది. అది చూసి గ్లెనిస్ నోరు కూడా మూతపడింది. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఇంత కుళ్లు మీద మేమిద్దరం రోజూ నిలబడి పళ్లు తోముకున్నామా అనుకున్నాను.

అయినా వెర్నన్ ఏదీ పారేసే మనిషి కాదు. పెరటి షెడ్డులో ఎప్పటెప్పటి ప్లైవుడ్ ముక్కలో గోడకు ఆనించి పెట్టి ఉన్నాయి. రంపం ఉంది. సీసాల్లో స్క్రూలు పరిమాణం వారీగా సర్ది ఉన్నాయి. ఆయన పనిచేస్తుంటే ఇన్నేళ్లూ టార్చి పట్టుకున్నదాన్ని, చూసి చూసి కొంత నాకూ పట్టుబడింది. శనివారమంతా కుళ్లిన చెక్క కోసి తీసేసి, కింది దూలం గట్టిగానే ఉందని చూసుకుని, దాని మీద ప్లైవుడ్ బిగించాం. నేను రంపం లాగితే గ్లెనిస్ చెక్క మీద కూర్చుని బరువు ఆపింది. "జన్మలో మొదటిసారి నా వెనక భాగం ఒకరికి పనికొచ్చిందే," అంది. గోడల మీద బూజు బ్లీచింగ్ నీళ్లతో కడిగాం. కళ్లు మండి ఇద్దరం పెరట్లోకి పరుగెత్తాం. నేల మీదికి మార్కెట్లో తుక్కు ధరకు తెల్ల వినైల్ షీటు ముక్క దొరికింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. ఆ అమ్మాయి అడిగింది అంతే. కానీ బూజు కడిగాక టైల్స్ మరకలు మరకలుగా తేలాయి, తొట్టి గీతలు గీతలుగా కనబడింది, గది మొత్తం భిక్షగాడి కోటులా ఉంది. నాకు భయం పట్టుకుంది. మంగళవారం షబ్నమ్ చూసి, ఇలాంటి కొంపలోకి మనిషిని ఎలా పంపడం అనుకుంటే? వేలుపెట్టి చూపించడానికి ఆమెకు ఏమీ మిగలకూడదు. గ్లెనిస్ తన ఫోను తీసి చూపించింది. అందులో పళ్లన్నీ బయటపెట్టి నవ్వే ఓ పడుచుపిల్ల, చిన్న స్నానాల గదిని డబ్బా పెయింటుతో ఎలా మార్చెయ్యొచ్చో చెబుతోంది. అంతా తెల్లగా వేస్తే చాలట, గది రెండింతలు కనబడుతుందట.

"ఆసుపత్రిలా మెరిసిపోతుందే," అంది గ్లెనిస్. "కౌన్సిల్ వాళ్లకు అలాంటివే నచ్చుతాయి."

అబద్ధమెందుకు, ఆ బఠాణీ పచ్చ పీడ విరగడవుతుందంటే మనసులో ఓ మూల నాకు సంబరంగానే ఉంది.

సొట్టపడ్డ డబ్బాలు తగ్గింపులో దొరికాయి. ఆదివారం టైల్స్‌కు, బేసిన్‌కు, తొట్టికి, కమోడ్ బయటి వైపుకు, అన్నిటికీ తెల్లరంగు కొట్టాం. కమోడ్‌కు తెల్ల మూత కూడా బిగించాం. పని ముగిసేసరికి నా జుట్టుకూ గోడకూ తేడా లేదు. గుమ్మంలో నిలబడి చూసుకుంటే నాకే నమ్మకం కుదరలేదు. యాభై ఏళ్లలో మొదటిసారి ఆ గది చూడబుద్ధేసింది. గ్లెనిస్ నా భుజం తట్టి, "రాణిగారి స్నానాలగది కూడా దీని ముందు దిగదుడుపే" అంది.

తర్వాత కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక చదివింది.

"ఒసేయ్. వారం దాకా నీళ్లు తగలకూడదట."

"వారమా? వారం ఎక్కడుందే మన దగ్గర?"

"నీళ్లు పోయకుండా చూపించు. ఆయన స్నానానికి రావట్లేదుగా, ఒంటికి వస్తున్నాడు."

నిజమే. కానీ అంచు మిగిలిపోయింది. తొట్టికీ గోడకూ మధ్య సందులోంచి కారిన నీళ్లే ఇంత నేలనూ తినేశాయి. ఆ సందు సిలికాన్ జిగురుతో పూడ్చాలి. అలా పూడ్చడానికి వెర్నన్‌కు ఒక పద్ధతుంది. ముందు తొట్టిని అంచు దాకా నీళ్లతో నింపేవాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, నెత్తిన టోపీతో ఆ నీళ్లలోకి దిగి నిలబడి, అప్పుడు పూడ్చేవాడు. "తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు పూడిస్తే అది అబద్ధం పిల్లా," అనేవాడు. "నీళ్లు పోసి మనిషి దిగగానే బరువుకు తొట్టి కిందికి కుంగుతుంది, పూత చీలిపోతుంది. కుంగేదేదో ముందే కుంగనియ్యి. ఆ తర్వాత పూడ్చు. పూత ఆరేదాకా నీళ్లు తియ్యకు."

ఈ మాట చెబితే గ్లెనిస్ తల పట్టుకుంది.

"నీకు మతి పోయిందా? ఇప్పుడే కొట్టిన రంగు. నీళ్లు నింపితే ఏమవుతుందో డబ్బా మీదే రాసి ఉంది."

"నింపకపోతే ఏమవుతుందో వెర్నన్ చెప్పాడు."

"వెర్నన్‌కు ఇవాళ నీ పేరే గుర్తులేదు!"

అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నలభై ఏళ్ల స్నేహం, నిజమే అంది. నేను చెప్పాను: "అంచు కారితే నేల పోతుంది. నేల పోతే ఆయన పోతాడు. రంగు సంగతి తర్వాత."

సోమవారం చన్నీళ్లతో తొట్టి నింపాను. వేడినీళ్లకు రంగు భయపడుతుందేమోనని ఆ కాస్త జాగ్రత్త. స్కర్టు పైకి దోపుకుని దిగి నిలబడితే కాళ్లు కొయ్యబారిపోయాయి. గ్లెనిస్ సిలికాన్ గొట్టాన్ని తుపాకీలాంటి దానిలో బిగించి అందించింది. నేను సందు వెంట గీత లాగి, గిన్నెలు తోమే సబ్బునీళ్లలో వేలు ముంచి, వెర్నన్ చేసినట్టే ఒక్క ఊపులో నున్నగా దిద్దాను. అంచంతా తిరిగేసరికి నా కళ్లూ ముక్కూ కారుతున్నాయి. చలికేనని గ్లెనిస్‌తో అన్నాను. ఆ నీళ్లలో నిలబడి నేను ఏడుస్తుంటే తను కనబడనట్టు వంటింట్లోకి పోయి టీ పెట్టింది.

మంగళవారం తెల్లవారగానే వెళ్లి తొట్టి బిరడా పీకాను. నీళ్లు దిగుతుంటే అడుగు నుంచి అంచు దాకా తెల్లరంగు కాచిన పాల మీగడలా ముడతలుపడి పైకి లేచింది. చేత్తో ముట్టుకుంటే పొరలు పొరలుగా వేలికి అంటుకొచ్చింది. కిందినుంచి పచ్చ పళ్లికిలించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎవరినో చూసి నవ్వేదాన్ని. ఆ గదిలో ఒంటరిగా నిలబడి తొట్టినీ, నన్నూ, ఫోనులో నవ్విన పిల్లనూ, ఇంత త్వరగా తెల్లవారిన రోజునూ అందరినీ కలిపి తిట్టాను. మళ్లీ రంగు కొట్టే వ్యవధి లేదు. ఇంట్లో ఉన్న పెద్ద తెల్ల తువ్వాలు తెచ్చి, కావాలనే అలంకారానికి వేసినట్టు తొట్టి మీద నిండుగా పరిచాను.

కారు ఆగింది. నేనే వస్తానని మాటిచ్చాను గానీ, ఆసుపత్రి కారులో నాకు చోటు లేదన్నారు. వెర్నన్ నడకచట్రంతో గుమ్మం దాటి వచ్చాడు. ముందు గదిలో తన కుర్చీ చేతిని తడిమాడు. గోడ గడియారం చూసి, "అయిదు నిమిషాలు వెనకుంది" అన్నాడు. అది ఎప్పుడూ వెనకే. నాకు ప్రాణం లేచొచ్చింది. షబ్నమ్ నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"వెర్నన్ గారూ, బాత్రూమ్‌కు వెళతారా?"

"వెళ్లాలి," అన్నాడు. తనే వంటింట్లోంచి దారి తీశాడు. మేమిద్దరం వెనకాల. దారి ఆయన కాళ్లకు తెలుసు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

తెల్లటి గోడ, తెల్లటి నేల, తెల్లటి కడ్డీలు, తెల్లటి తువ్వాలు. ఆయన కళ్లు ఆ గదిలో దేని మీదా నిలబడలేదు. చట్రం ఒక అంగుళం ముందుకు తోసి, ఏదో గుంతలోకి జారబోతున్నట్టు వెనక్కి లాగాడు.

"ఇది కాదు," అన్నాడు.

"ఇదే వెర్నన్. లోపలికి రా," అంటూ ఆయన పక్కనుంచి గదిలోకి దూరాను.

"ఇది ఆసుపత్రి. మళ్లీ ఆసుపత్రికే తెచ్చారు నన్ను. మా ఇంటికి తీసుకెళతామని చెప్పి... మా ఆవిడేది? మా ఆవిణ్ణి పిలవండి!"

"నేనే వెర్నన్. ఇదిగో, ఇక్కడే ఉన్నాను."

ఆయన నన్ను చూడలేదు. తెల్ల గోడల మధ్య తెల్ల కమోడ్‌ను వెతుకుతున్నాడు. అది ఎదురుగానే ఉంది. కనబడలేదు. అక్కడే, గుమ్మంలోనే, ఆయన ప్యాంటు ముందు భాగం తడిసింది. జీవితంలో చొక్కా గుండీ ఊడినా బయటికి వెళ్లని మనిషి, తడి కిందికి జారుతుంటే తలొంచుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

షబ్నమ్ పరుగున వంటింట్లోంచి గుడ్డ తెచ్చింది. ఆమె ముఖం చూస్తే నాకు అర్థమైపోయింది. "బెరిల్ గారూ," అంది మెల్లగా, "ఈ జబ్బున్నవాళ్లకు తెల్లటి గదిలో తెల్లటి కమోడ్ కంటికి ఆనదండీ. రంగు తేడా ఉండాలి. తప్పు నాది, ముందే చెప్పాల్సింది. ఆ పాత పచ్చ అలాగే ఉంటుందనుకున్నాను."

పచ్చ అలాగే ఉంటుందనుకున్నదట. నాలుగు రోజులు నడుం విరిగేలా చేసిన చాకిరీ అంతా, ఆయన్ని ఇంట్లోకి రానివ్వకుండా నా చేతులతో నేను వేసుకున్న తలుపు. తొట్టి అంచు మీద కూలబడి పెద్దగా ఏడ్చేశాను. ఆ అమ్మాయి ముందని సిగ్గు కూడా వెయ్యలేదు. ఆశ్రమంలో ఆ గదిలో రోజూ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని నా కోసం కూర్చుని ఉంటాడు. చచ్చేదాకా అలాగే కూర్చుంటాడు.

నేను కూర్చున్న విసురుకు తువ్వాలు జారి నేల మీద పడింది.

చట్రం చప్పుడైంది. తలెత్తి చూస్తే వెర్నన్ గుమ్మం దాటాడు. తువ్వాలు జారిపోయిన తొట్టి అంచు దగ్గర, రంగు లేచిన చోట, అరచేతి వెడల్పున బఠాణీ పచ్చ కనబడుతోంది. దానికేసి చూస్తూ ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, కడ్డీ పట్టుకుని వంగి, ఆ పచ్చను బొటనవేలితో తడిమాడు. గోరుతో తెల్ల పొర ఒకటి లేపి లాగాడు. పొడుగ్గా ఊడి వచ్చింది. దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

షబ్నమ్ నావైపు చూసింది. నేను ముక్కు తుడుచుకున్నాను.

"నేనే."

"ముందు ఉప్పుకాగితం పట్టారా?"

"పట్టాను. కొంచెం."

"కొంచెం పట్టారు!" నవ్వాడు. మిల్లులో కొత్తగా చేరినవాళ్లను ఏడిపించేటప్పటి నవ్వు, ఎన్నాళ్లయిందో అది విని. "ఆరనిచ్చారా?"

"టైము లేకపోయింది."

"టైము లేనివాళ్లు బ్రష్షు పట్టుకోకూడదు తల్లీ." అంచు వెంట వేలు పోనిచ్చాడు. మూల దగ్గర ఆగాడు, వెనక్కి వచ్చి మళ్లీ తడిమాడు. "ఇది మాత్రం బాగా కుదిరింది. నీళ్లు నింపే చేశారా?"

"నింపే చేశాను."

"ఎవరు నేర్పారు?"

"మా ఆయన."

"పని తెలిసినవాడే," అని తల ఊపాడు.

షబ్నమ్ వంటింట్లోకి వెళ్లి ఎవరితోనో ఫోనులో మాట్లాడింది. తిరిగొచ్చి నా పక్కన వంగి, గుసగుసగా చెప్పింది: "పచ్చ కనబడగానే తనంతట తానే లోపలికి వచ్చారు. ఈ తెలుపంతా తీసేయగలరా? కమోడ్‌కు, తొట్టికి, అన్నిటికీ? తీసేస్తే శుక్రవారం పంపించేస్తాం. ఆశ్రమంలో గది వేరేవాళ్లకు ఇచ్చుకోమన్నాను." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెండు చేతులకీ రంగు అంటింది.

ఆమె వెర్నన్‌కు వేరే ప్యాంటు తొడగడానికి సాయం చేసి, స్టూలు తెచ్చి తొట్టి పక్కన వేసింది. ఆయన కూర్చున్నాడు. ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు ఒకసారి గుమ్మం వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఈ రంగు మా ఆవిడ ఏరికోరి తెచ్చుకుంది. కొట్టు నిండా తెల్లవి ఉంటే, కాదు ఇదే కావాలని మొండికేసింది. మీతో కాబట్టి చెబుతున్నా, నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆమెతో అనకండి."

"అనను."

"దీనిమీద తెలుపు కొట్టారని తెలిస్తే తట్టుకోలేదు. ఆమె వచ్చేలోగా గీకేయాలి."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది. నన్ను తీసుకెళ్లడానికి తనే వస్తానని మాటిచ్చింది. మా ఆవిడ ఒకసారి మాటిస్తే తప్పదు."

షెడ్డులోంచి ఆయన గీకుడు బ్లేడు తెచ్చుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. "అలా నిలువుగా కాదు, వాలుగా పట్టుకోండి," అన్నాడు. వాలుగా పట్టుకుని గీకడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడ తెలుపు మిగిలిందో ఆయన వేలు పెట్టి చూపిస్తున్నాడు.